విడాకులు లేని కాలంలో విడిపోయిన మహిళ: డాక్టర్ రుఖ్మాబాయి

1955 మే 18న హిందూ వివాహ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. హిందూ దంపతులు న్యాయస్థానం ద్వారా విడాకులు పొందే వీలు ఆ చట్టంతో దేశమంతటికీ ఒకే తీరుగా ఏర్పడింది. ఆ తరువాత నాలుగు నెలలకు, సెప్టెంబరు 25న, తొంభై ఏళ్ళ వృద్ధ వైద్యురాలు ఒకరు కన్నుమూశారు. ఆమె పేరు డాక్టర్ రుఖ్మాబాయి. అంతకు డెబ్భై ఏళ్ళ క్రితం, తన సమ్మతి లేకుండా జరిగిన బాల్యవివాహాన్ని కాదని బొంబాయి హైకోర్టులో నిలిచిన మహిళ ఆమెయే. కాపురానికి వెళ్ళడమా, కారాగారానికి వెళ్ళడమా అని న్యాయస్థానం అడిగినప్పుడు కారాగారమే మేలని చెప్పిన ధైర్యశాలి.

రుఖ్మాబాయి కథ ఒక్క వ్యక్తి కథ మాత్రమే కాదు. వివాహంలోకి ప్రవేశించడానికి ద్వారం ఉండి, బయటికి రావడానికి ద్వారం లేని కాలం ఎలా ఉండేదో ఆ కథ చెబుతుంది. నేడు ఆ ద్వారం ఎలా తెరుచుకుంటుందో, ఎన్ని మెట్లు ఎక్కవలసి ఉంటుందో తెలుసుకోవడానికి కూడా ఆమె జీవితం చక్కని ఆధారం.

బాల్యం, వివాహం

రుఖ్మాబాయి 1864 నవంబరు 22న బొంబాయిలో జన్మించారు. తండ్రి జనార్దన్ పాండురంగ్, తల్లి జయంతీబాయి. వారిది సుతార్ కులం, అనగా వడ్రంగుల కులం. తల్లికి పదునాలుగవ ఏట వివాహమైంది. పదిహేనవ ఏట ఆమె రుఖ్మాబాయిని కన్నది. పదిహేడేళ్ళు వచ్చేసరికి భర్తను కోల్పోయింది. అప్పటికి పసిబిడ్డ వయస్సు రెండున్నర ఏళ్ళు.

వితంతువుల పునర్వివాహానికి ఆ కులంలో ఆచారం అడ్డు చెప్పేది కాదు. కొన్నేళ్ళ తరువాత జయంతీబాయి డాక్టర్ సఖారాం అర్జున్‌ను వివాహం చేసుకున్నది. ఆయన బొంబాయిలోని గ్రాంట్ వైద్య కళాశాలలో వృక్షశాస్త్రం బోధించిన విద్వాంసుడు, సంస్కరణాభిమాని. పునర్వివాహానికి ముందు జయంతీబాయి తన మొదటి భర్త ఆస్తిని కుమార్తె పేరిట మార్చింది. ఎనిమిదేళ్ళ ప్రాయంలోనే రుఖ్మాబాయి ఆస్తికి హక్కుదారు అయింది. తరువాతి కాలంలో వ్యాజ్యానికి ఆ ఆస్తి కూడా ఒక కారణమైంది.

సవతి తండ్రి ఎంత సంస్కరణాభిమాని అయినా ఆనాటి ఆచారాన్ని పూర్తిగా కాదనలేకపోయారు. పదకొండవ ఏట రుఖ్మాబాయికి ఆయన బంధువైన దాదాజీ భికాజీతో వివాహం జరిగింది. వరుని వయస్సు సుమారు పంతొమ్మిది. ఒప్పందం ఇల్లరికపు ఒప్పందం. అల్లుడు అత్తవారింటనే ఉండాలి, వారి ఖర్చుతో చదువుకోవాలి, బాధ్యత తెలిసిన మనిషి కావాలి. పిల్ల ఈడేరిన వెంటనే కాపురం పెట్టించాలన్న ఒత్తిడిని మాత్రం సఖారాం అర్జున్ వైద్యుడిగా అంగీకరించలేదు. పసి శరీరానికి అది హాని అని ఆయనకు తెలుసు.

దాదాజీకి చదువు అబ్బలేదు. కొంత కాలానికి అతడు ఆ ఇల్లు విడిచి తన మేనమామ నారాయణ్ ధుర్మాజీ ఇంటికి చేరాడు. చాలాకాలం అనారోగ్యంతో మంచం పట్టాడు. ఇటు రుఖ్మాబాయి ఇంటివద్దనే పుస్తకాలు తెప్పించుకొని చదువుకున్నారు. సవతి తండ్రి ఇంటికి వచ్చిపోయే విద్యావంతుల మాటలు వింటూ, స్త్రీల సభలకు వెళుతూ తన మనసును పెంచుకున్నారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఇద్దరి దారులు వేరయ్యాయి. భార్యాభర్తలన్న పేరే గాని, వారు ఒక్కనాడైనా కాపురం చేయలేదు.

న్యాయస్థానం పిలుపు

1884లో దాదాజీ తన భార్యను కాపురానికి పంపాలని న్యాయవాది ద్వారా కోరాడు. రుఖ్మాబాయి నిరాకరించారు. అప్పుడు అతడు బొంబాయి హైకోర్టులో దావా వేశాడు. ఆ దావా పేరు దాంపత్య హక్కుల పునరుద్ధరణ. అనగా, దూరంగా ఉన్న భార్యను లేక భర్తను తిరిగి తనతో కాపురం చేయవలసిందిగా ఆదేశించమని న్యాయస్థానాన్ని కోరడం. ఇది హిందూ ధర్మశాస్త్రాల నుండి వచ్చినది కాదు. ఇంగ్లండులోని చర్చి న్యాయస్థానాల నుండి బ్రిటిషు పాలనతో పాటు మన దేశంలోకి వచ్చింది.

ఇరు పక్షాల వాదనలు వేరు వేరు. అత్తగారు, ఆమె తండ్రి కలిసి భార్య మనసు విరిచారని, ఆస్తి చేజారకుండా అడ్డుపడుతున్నారని దాదాజీ పక్షం వాదన. దాదాజీ ఆరోగ్యం బాగుండలేదని, పోషించే స్తోమత అతనికి లేదని, అతడు నివసించే ఇంటి వాతావరణం గౌరవప్రదమైనది కాదని రుఖ్మాబాయి పక్షం సమాధానం. వీటన్నింటికీ మూలంలో మరొక మాట ఉన్నది. తెలియని వయస్సులో, సమ్మతి లేకుండా జరిగిన పెళ్ళి తనను ఎందుకు బంధించాలి అన్నదే ఆ మాట. ఆనాటి న్యాయస్థానాలలో అంతవరకు ఏ హిందూ స్త్రీ ఇంత బాహాటంగా ఆ ప్రశ్న వేసి ఎరుగదు.

ఆమెకు ఎదురుదావా వేసే అవకాశమే లేకపోవడం ఇక్కడ గమనించదగిన విషయం. భర్త భార్యను రప్పించుకోవడానికి చట్టం ఉన్నది. భార్య విడిపోవడానికి చట్టం లేదు. క్రైస్తవుల కోసం 1869లోనే విడాకుల చట్టం వచ్చింది. హిందువులకు అటువంటిది లేదు. కొన్ని కులాలలో పెద్దల సమక్షంలో తెగతెంపులు చేసుకునే ఆచారం ఉండేది గాని, భర్త ఒప్పుకోనప్పుడు ఆచారం కూడా స్త్రీకి పెద్దగా అక్కరకు వచ్చేది కాదు. కనుక రుఖ్మాబాయి చేయగలిగినదల్లా ఒక్కటే, భర్త వేసిన దావాను ఎదుర్కొని నిలవడం.

1885లో సవతి తండ్రి మరణించారు. వ్యాజ్యం నడుమనే పెద్ద అండ పోయింది. అదే ఏడాది టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికలో ఒక హిందూ మహిళ అనే మారుపేరుతో రెండు లేఖలు వెలువడ్డాయి. బాల్యవివాహం వల్ల బాలికలు చదువుకు, ఆరోగ్యానికి, ఆత్మగౌరవానికి ఎలా దూరమవుతున్నారో ఆ లేఖలు వివరించాయి. వాటిని రాసినది రుఖ్మాబాయియే.

అనుకూలమైన తీర్పు

1885 సెప్టెంబరు 21న న్యాయమూర్తి పిన్హే తీర్పు వెలువరించారు. ఆ దావా చెల్లదన్నారు. పునరుద్ధరణ అంటే ఒకప్పుడు ఉండి పోయినదానిని తిరిగి నిలపడం. ఈ ఇద్దరూ ఎన్నడూ కాపురమే చేయనప్పుడు పునరుద్ధరించడానికి ఏమున్నది అన్నది ఆయన తర్కం. ఎదిగి, ఆలోచించి పెళ్ళాడిన దంపతుల కోసం ఇంగ్లండులో పుట్టిన నియమాన్ని, పసితనంలో పెళ్ళి చేయబడిన పిల్లపై మోపడం తగదని ఆయన భావించారు. హిందూ ధర్మశాస్త్రంలో దీనికి ఆధారం కూడా కనిపించలేదన్నారు.

సంస్కర్తలు హర్షించారు. సంప్రదాయవాదులు ఆగ్రహించారు. బాలగంగాధర తిలక్ నాయకత్వంలోని పత్రికలు ఈ తీర్పును తీవ్రంగా విమర్శించాయి. ఆంగ్ల విద్య స్త్రీలను దారి తప్పిస్తున్నదని, పరాయి పాలకులు మన ఇంటి వ్యవహారాలలో చేయి పెడుతున్నారని వారి ఆక్షేపణ. బెహ్రాంజీ మలబారీ, పండిత రమాబాయి వంటివారు రుఖ్మాబాయి పక్షాన నిలిచి ఆమె ఖర్చులకు సహాయ నిధి సమకూర్చారు. ఆంధ్రదేశంలోనూ అది సంస్కరణోద్యమ కాలమే. 1881 డిసెంబరులో కందుకూరి వీరేశలింగం పంతులు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. బొంబాయిలో రగిలిన ప్రశ్న, రాజమండ్రిలో రగిలిన ప్రశ్న ఒకే కుంపటిలోని నిప్పులు.

కారాగారమే మేలు

దాదాజీ అప్పీలు చేశాడు. 1886లో ప్రధాన న్యాయమూర్తి సార్జెంట్, న్యాయమూర్తి బెయిలీ కలిసి పిన్హే తీర్పును తోసిపుచ్చారు. హిందూ వివాహం వివాహకర్మతోనే పూర్తవుతుందని, కాపురం చేశారా లేదా అన్నదానితో నిమిత్తం లేదని, అటువంటి దావాను న్యాయస్థానం విచారించవచ్చని వారు నిర్ణయించారు. వ్యాజ్యం మళ్ళీ విచారణకు వచ్చింది.

1887 మార్చి 4న న్యాయమూర్తి ఫ్యారన్ దాదాజీకి అనుకూలంగా తీర్పు ఇచ్చారు. రుఖ్మాబాయి నెల రోజులలో భర్త ఇంటికి వెళ్ళవలెను, వెళ్ళని పక్షంలో ఆరు నెలల వరకు ఖైదు. ఆనాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం ఇటువంటి డిక్రీని ధిక్కరించినవారిని ఖైదు చేయవచ్చు, ఆస్తిని జప్తు చేయవచ్చు.

నేరం చేసినందుకు కాదు, దొంగతనానికి కాదు, కాపురానికి వెళ్ళనందుకు జైలు! రుఖ్మాబాయి వెనుకడుగు వేయలేదు. ఈ ఆజ్ఞకు లోబడడం కన్నా చట్టం విధించే పూర్తి శిక్షను అనుభవించడమే మేలని ఆమె తెలియజేశారు. అప్పటికి ఆమె వయస్సు ఇరవైరెండేళ్ళు. ఈ వార్త ఇంగ్లండుకు చేరింది. అక్కడి పత్రికలు కూడా ఆమె విషయమై రాశాయి. ప్రఖ్యాత సంస్కృత పండితుడు మాక్స్ ముల్లర్ ఆమెకు మద్దతుగా కలం పట్టారు.

రాజీ కుదిరింది, వివాహం తెగలేదు

వ్యాజ్యం సాగినకొద్దీ ఇరు పక్షాలకూ ఖర్చు పెరిగింది. 1888 జూలైలో రాజీ కుదిరింది. 2,000 రూపాయలు పుచ్చుకొని దాదాజీ తన డిక్రీని అమలు చేయించే హక్కును వదులుకున్నాడు. ఆమె జైలుకు వెళ్ళలేదు, కాపురానికీ వెళ్ళలేదు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. అది విడాకులు కాదు. డబ్బు చేతులు మారింది, దావా ముగిసింది, కాని వివాహం రద్దు కాలేదు. చట్టం దృష్టిలో రుఖ్మాబాయి ఇంకా దాదాజీ భార్యయే. ఆనాటి చట్టం పురుషునికి రెండవ పెళ్ళికి అడ్డు చెప్పేది కాదు. ఆమెకు మాత్రం భర్త జీవించి ఉండగా మరొక వివాహానికి వీలు లేదు. ఒకరికి రాజీతో స్వేచ్ఛ పూర్తిగా దక్కింది, మరొకరికి సగమే దక్కింది. ఆమె తిరిగి వివాహం చేసుకోలేదు.

వైద్యసేవలో

బొంబాయి కామా ఆస్పత్రిలో పనిచేసిన ఆంగ్ల వైద్యురాలు ఎడిత్ పీచీ ఆమెను వైద్యవిద్య వైపు ప్రోత్సహించారు. 1889లో రుఖ్మాబాయి ఓడ ఎక్కి ఇంగ్లండు చేరారు. లండన్ మహిళా వైద్య పాఠశాలలో చదివి 1894లో వైద్యురాలిగా పట్టా పొందారు. స్వదేశానికి తిరిగివచ్చి సూరత్‌లోని మహిళా ఆస్పత్రి బాధ్యత స్వీకరించారు. మన దేశంలో వైద్యవృత్తి చేపట్టిన తొలితరం మహిళలలో ఆమె ఒకరు.

పురుష వైద్యుని ముందుకు రావడానికి ఆడవారు జంకే కాలం అది. ప్రసవ సమయంలో ఇంటి చీకటి గదులలోనే ఎందరో తల్లులు ప్రాణాలు విడిచేవారు. అటువంటి చోట ఒక మహిళా వైద్యురాలు ఉండడమే పెద్ద ధైర్యం. సూరత్‌లో చాలాకాలం పనిచేసిన తరువాత ఆమె రాజ్‌కోట్‌లోని మహిళా ఆస్పత్రికి మారారు. మొత్తం మీద సుమారు 35 ఏళ్ళు వైద్యసేవలో గడిపి, 1930 ప్రాంతంలో విశ్రాంతి తీసుకున్నారు. పరదా పద్ధతిని విడనాడవలసిన అవసరాన్ని గురించి ఒక చిన్న పుస్తకం కూడా వెలువరించారు.

1904లో దాదాజీ మరణించాడు. అప్పుడు రుఖ్మాబాయి హిందూ వితంతువుల ఆచారం ప్రకారం తెల్లచీర ధరించారు. జీవితమంతా కాదన్న వివాహానికి ఆమె వితంతువు కావలసి వచ్చింది. ఆమె మనసులో ఏమున్నదో ఎవరూ నిశ్చయంగా చెప్పలేరు. చట్టం మాత్రం ఆనాటివరకు ఆమెను అతని భార్యగానే లెక్కించింది.

ఒక వ్యాజ్యం కదిలించిన చట్టాలు

రుఖ్మాబాయి వ్యాజ్యం లేవనెత్తిన చర్చ వృథా కాలేదు. 1891లో సమ్మతి వయస్సు చట్టం వచ్చింది. బాలికతో, ఆమె భార్య అయినా సరే, దేహసంబంధానికి కనీస వయస్సును 10 ఏళ్ళ నుండి 12 ఏళ్ళకు అది పెంచింది. బెంగాలులో పదేళ్ళ బాలవధువు ఒకతె భర్త చేతిలో మరణించిన ఘోరం కూడా ఆ చట్టానికి కారణమైంది. 1929లో బాల్యవివాహ నిరోధక చట్టం వచ్చింది.

విడాకుల విషయంలో మార్పు మరికొంత ఆలస్యమైంది. బొంబాయి రాష్ట్రం 1947లోను, మన తెలుగు జిల్లాలు కూడా కలిసి ఉన్న మద్రాసు రాష్ట్రం 1949లోను హిందువులకు విడాకుల చట్టాలు చేశాయి. 1955 చట్టం దేశమంతటికీ వర్తించింది. పురుషునికి కూడా ఒకే భార్య అన్న నియమం దానితో స్థిరపడింది.

విచిత్రమేమంటే, రుఖ్మాబాయిని వేధించిన దాంపత్య హక్కుల పునరుద్ధరణ దావా 1955 చట్టంలో తొమ్మిదవ సెక్షనుగా నిలిచింది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తి పి.ఎ. చౌదరి ఆ సెక్షను వ్యక్తి స్వేచ్ఛకు విరుద్ధమని కొట్టివేశారు. 1984లో సుప్రీంకోర్టు మరొక వ్యాజ్యంలో ఆ అభిప్రాయాన్ని కాదని, సెక్షను చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. అయితే దాని కోరలు ఇప్పుడు పాతవి కావు. ఆ డిక్రీకి లోబడనివారిని జైలుకు పంపే వీలు లేదు. ఆస్తి జప్తు వరకే పరిమితం. అంతేకాదు, డిక్రీ వచ్చాక ఒక ఏడాది పాటు దంపతులు కలవకపోతే, ఇద్దరిలో ఎవరైనా దానినే ఆధారం చేసుకొని విడాకులు కోరవచ్చు. 1887లో జైలుకు దారి చూపిన కాగితమే నేడు విడుదలకు ఒక మెట్టు.

నేడు ఆమె వంటి మహిళకు ఉన్న దారి

రుఖ్మాబాయి వంటి యువతి నేడు న్యాయస్థానానికి వస్తే ఆమెకు ఏ దారులున్నాయో చూద్దాం. పదిహేనేళ్ళు నిండకముందే పెళ్ళి జరిగి, పదిహేను నిండిన తరువాత పద్దెనిమిది నిండేలోగా ఆ పెళ్ళిని ఆమె నిరాకరించి ఉంటే, కాపురం జరిగినా జరగకపోయినా విడాకులు కోరవచ్చు. 1976 సవరణతో ఈ హక్కు వచ్చింది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం, చిన్నతనంలో పెళ్ళి చేయబడిన యువతి మైనారిటీ తీరిన రెండేళ్ళలోగా ఆ పెళ్ళిని రద్దు చేయమని కూడా కోరవచ్చు.

తక్కిన వివాహాల విషయంలో విడాకులకు రెండు మార్గాలు. ఇద్దరూ ఒప్పుకుంటే మొదటిది. ఏడాది పాటు విడిగా ఉన్న దంపతులు ఉమ్మడిగా పిటిషన్ వేస్తారు. ఆ తరువాత ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలలలోగా మళ్ళీ హాజరై తమ కోరిక మారలేదని చెప్పాలి. తగిన కారణాలుంటే ఆ ఆరు నెలల గడువును న్యాయస్థానం మినహాయించవచ్చునని 2017లో సుప్రీంకోర్టు తెలిపింది. మనోవర్తి, పిల్లల పెంపకం, పెట్టిన బంగారం, సామాను తిరిగి ఇవ్వడం వంటి విషయాలను ముందే తేల్చుకొని పిటిషన్‌లో రాయించడం మంచిది.

ఒకరే కోరితే రెండవ మార్గం. క్రూరత్వం, రెండేళ్ళకు తగ్గకుండా విడిచిపెట్టి పోవడం, వ్యభిచారం, మతం మారడం, నయం కాని తీవ్ర మానసిక వ్యాధి, ఏడేళ్ళుగా ఆచూకీ లేకపోవడం వంటి కారణాలలో ఏదైనా చూపి, రుజువు చేయాలి. కుష్ఠు వ్యాధిని 2019లో ఈ జాబితా నుండి తొలగించారు. సాధారణంగా పెళ్ళయిన ఏడాది లోపు విడాకుల పిటిషన్ వేయరాదు. భరించలేని కష్టం ఉన్న సందర్భంలో న్యాయస్థానం అనుమతి ఇవ్వవచ్చు.

పిటిషన్ వేశాక ఎదుటివారికి సమన్లు వెళతాయి. వారు తమ జవాబు దాఖలు చేస్తారు. సమన్లు అందినా హాజరు కాకపోతే వారు లేకుండానే విచారణ సాగవచ్చు. కనుక కాగితం వచ్చినప్పుడు పెట్టెలో దాచిపెట్టి ఊరుకోవడం నష్టమే. కలిసి ఉండే అవకాశం ఉన్నదేమో న్యాయస్థానం ముందుగా ప్రయత్నిస్తుంది. 1984 చట్టంతో ఏర్పడిన కుటుంబ న్యాయస్థానాల ముఖ్యోద్దేశం అదే. రాజీ కుదరకపోతే సాక్ష్యాలు, వాదనలు, తీర్పు. వ్యాజ్యం నడిచే కాలంలో ఆదాయం లేని భార్య, ఆ మాటకొస్తే ఆదాయం లేని భర్త కూడా, మధ్యంతర భరణం, వ్యాజ్యపు ఖర్చులు కోరవచ్చు. డిక్రీ వచ్చినా వెంటనే మరో పెళ్ళి తగదు. అప్పీలు గడువు ముగియాలి, అప్పీలు ఉంటే అది తేలాలి.

సరిహద్దు కుటుంబాలకు మరొక చిక్కు ఉన్నది. పెళ్ళి బళ్ళారిలో, కాపురం అనంతపురంలో, పుట్టిల్లు రాయచూరులో అయితే ఏ ఊరి న్యాయస్థానానికి పోవాలి? పెళ్ళి జరిగిన చోట, ఎదుటివారు నివసించే చోట, దంపతులు చివరిసారి కలిసి నివసించిన చోట పిటిషన్ వేయవచ్చు. 2003 సవరణ తరువాత, భార్య వేసే పిటిషన్ అయితే ఆమె నివసిస్తున్న చోటనే వేయవచ్చు. భర్త వేరే రాష్ట్రంలో దావా వేసి, వాయిదాలకు తిరగడం భార్యకు కష్టమైతే, దానిని తన రాష్ట్రానికి మార్చమని సుప్రీంకోర్టును కోరవచ్చు. తెలుగులో ఉన్న లగ్నపత్రిక, ఒప్పంద పత్రాల వంటివి ఆ న్యాయస్థానపు భాషలో లేకపోతే అనువాదం జత చేయవలసి వస్తుంది.

అన్నింటికన్నా ముఖ్యమైన జాగ్రత్త మరొకటి. పెద్దమనుషుల సమక్షంలో స్టాంపు కాగితంపై రాసుకున్నంత మాత్రాన విడాకులు అయిపోవు. తమ కులంలో అటువంటి ఆచారం తరతరాలుగా ఉన్నదని రుజువు చేయగలిగితేనే చట్టం దానిని గుర్తిస్తుంది. రుజువు చేయలేకపోతే ఆ కాగితం 1888 నాటి రాజీ వంటిదే. డబ్బు చేతులు మారుతుంది, వివాహం మాత్రం తెగదు. దానిని నమ్మి రెండవ పెళ్ళి చేస్తే ఆ పెళ్ళి చెల్లదు, పైగా నేరమవుతుంది. నష్టపోయేది ఎక్కువగా ఆడపిల్లయే. పెద్దలు కుదిర్చిన రాజీని పరస్పర అంగీకార పిటిషన్‌గా న్యాయస్థానంలో దాఖలు చేయించి డిక్రీ పొందడమే క్షేమం. ఈ నియమాలన్నీ హిందూ వివాహ చట్టానివి. ముస్లింలకు, క్రైస్తవులకు, ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకున్నవారికి వేరు చట్టాలున్నాయి.

ఖర్చుకు భయపడవలసిన అవసరం లేదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. తాలూకా, జిల్లా న్యాయస్థానాల ఆవరణలోని న్యాయసేవల కార్యాలయంలో దరఖాస్తు ఇస్తే న్యాయవాదిని నియమిస్తారు.

రుఖ్మాబాయికి ఆస్తి ఉన్నది, చదువు ఉన్నది, వెన్నంటి నిలిచిన పెద్దలున్నారు. అయినా ఆమెకు దక్కింది సగం స్వేచ్ఛయే, ఎందుకంటే ఆనాడు చట్టమే లేదు. నేడు చట్టం ఉన్నది. అది తెలియక, కాగితాన్ని కాగితంగా నమ్మి, ఏ ఇంటి ఆడపిల్లా సగం స్వేచ్ఛతో మిగిలిపోకూడదు. విడిపోవడం ఎవరికీ సంతోషకరమైన విషయం కాదు. కాని విడిపోక తప్పనప్పుడు, ఆ పని చట్టబద్ధంగా పూర్తి కావడం ఇరు కుటుంబాలకూ గౌరవం.